మూత తియ్యని ఫోటోలు

మా స్టూడియోలో పాడైన ఫోటోలను వెంటనే పారెయ్యం. కళ్ళు మూసుకున్నవి, కదిలిపోయినవి, తల సగం తెగినవి, అన్నీ ‘పాడైనవి’ అని పేరు పెట్టిన ఫోల్డర్‌లో ఉంటాయి. ఆల్బమ్ తయారయ్యేదాకా వాటితో పని ఉంటుంది. పెళ్ళికూతురు చక్కగా నవ్విన ఫోటోలో ఆమె మామగారు సరిగ్గా కళ్ళు మూసుకుని ఉంటారు. అప్పుడు నేను పాడైనవాటిలోకి వెళ్ళి, ఆయన కళ్ళు తెరిచి ఉన్న ఫోటో వెతికి, ఆ కళ్ళు తెచ్చి ఇక్కడ అతికిస్తాను. ఇప్పటిదాకా ఒక్క మామగారు కూడా కనిపెట్టలేదు. ఆల్బమ్ ఇచ్చేశాక ఆ ఫోల్డర్ తీసేస్తాం. అది మా పద్ధతి. తీసేసే పని నాది.

స్టూడియో బావది, అంటే మా అక్క భర్తది. కింద స్టూడియో, పైన రెండు గదుల ఇల్లు. కౌంటర్‌లో అక్క కూర్చుంటుంది. ఫోటోలు బావ తీస్తాడు. వెనక గదిలో కూర్చుని నేను వాటిని దిద్దుతాను. మా ఊరి బడిలో చదువు అయిపోగానే వీళ్ళ దగ్గరికి వచ్చాను, ఆరేళ్ళయింది. నాకు మాట తక్కువ. అందుకని బావ నాకు మూగనోము అని పేరు పెట్టాడు. కస్టమర్ల ముందు కూడా అలాగే పిలుస్తాడు.

“మా మూగనోముకి ఇవ్వండి సార్, మీ బట్టతల మీద లైటు మెరుపు కూడా తుడిచేస్తుంది.”

“జుట్టు మొలిపిస్తుందా?”

“దానికి వేరే రేటు.”

అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. బావ చెడ్డవాడు కాదు. ఈ కథలో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు. ఒక్కరున్నా నాకు కొంచెం తేలికగా ఉండేది.

రెండేళ్ళ కిందట ఒక సైన్స్ టీచరమ్మ బడి గోడకు తగిలించడానికి ఆకాశం ఫోటో ఒకటి ప్రింట్ చేయించుకోవడానికి వచ్చింది. నల్లటి ఆకాశంలో ఎర్రటి మేఘం, దాని అంచులు ఉతికిన నూలు చీరలా పీచులు పీచులుగా ఉన్నాయి. ప్రింట్ చేస్తూ చేస్తూ ఆగిపోయి, “ఇది ఎవరు తీశారండీ?” అని అడిగాను. అక్క కౌంటర్‌లోంచి తలెత్తి చూసింది, నా గొంతు విని.

“నేనే తీశాను. టెలిస్కోప్ నాది కాదులే, అద్దెది” అంది టీచరమ్మ.

ఆమె చెప్పిందంతా నేను ఒక పాత బిల్లు వెనక రాసుకున్నాను. భూమికి అవతలి వైపు, మబ్బులు తక్కువుండే ఒక కొండ మీద టెలిస్కోపులు వరుసగా పెట్టి గంటల లెక్కన అద్దెకిస్తారు. మనం ఇక్కడ కంప్యూటర్ ముందు కూర్చుని, ఆకాశంలో ఏ చోటు, ఎన్ని నిమిషాలు, ఏ గాజు ఫిల్టర్ అని చెప్తే, అక్కడ పైకప్పు జరుగుతుంది, టెలిస్కోప్ తిరుగుతుంది, ఫోటోలు తీసి వాళ్ళ దగ్గర పెడుతుంది. తరువాత మనం దించుకోవాలి. మనిషి దాన్ని తాకక్కర్లేదు. మనకు మధ్యాహ్నమైనప్పుడు అక్కడ రాత్రి.

జీతంలో కొంత పక్కన పెట్టి నేనూ మొదలుపెట్టాను. అందరూ నిద్ర మానుకుని చూసే ఆకాశాన్ని నేను అన్నం కంచం పక్కన పెట్టుకుని, ఒంటిగంటకి, షట్టర్ సగం దించిన వేళ చూశాను. ఎప్పుడూ చూడని ఆ కొండ మీద వాతావరణం నాకు మా వీధికంటే బాగా తెలిసింది. ‘గాలి ఎక్కువ, కప్పు మూసేశాం’ అని వాళ్ళ పేజీ మీద కనబడితే, నా జుట్టు రేగినట్టే ఉండేది.

టెలిస్కోప్ పంపిన ఫోటో తెరిస్తే మామూలు కంటికి నల్లగా ఉంటుంది. అక్కడక్కడ నాలుగు తెల్లటి చుక్కలు, అంతే. పది నిమిషాలు కళ్ళు తెరుచుకుని కూర్చున్నా దానిలోకి వచ్చే వెలుగు అంత కొంచెం. అసలు బొమ్మ ఆ నలుపు అడుగున ఉంటుంది. అలాంటివి వందలు తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, మెల్లగా పైకి లాగాలి. సంతలో ఒక మనిషి గొణిగితే ఎవరికీ వినబడదు. అదే మాట రెండు వందలసార్లు గొణిగితే, మిగతా గోలంతా ఒకదాన్నొకటి కొట్టేసుకుని, ఆ మాటొక్కటీ మిగులుతుంది.

నక్షత్రాల మధ్య ఉండే మేఘాల్లో అందరూ అడిగే పేరున్నవాటిని నేను అడగలేదు. మధ్యరకం నక్షత్రం ఒకటి ఉన్న ఖాళీ చోటు ఎంచుకున్నాను. పటాల్లో అక్కడ ఏమీ లేదు. ఎందుకు ఎంచుకున్నావంటే చెప్పలేను. గ్రూప్ ఫోటోల్లో కూడా నా కళ్ళు ముందు వరుస మీద నిలవవు, చివర నిలబడ్డవాళ్ళ మీదికే పోతాయి. ఆక్సిజన్ వెలుగును మాత్రమే రానిచ్చే ఫిల్టర్‌తో తీయించాను. డెబ్బై ఫోటోలు పేర్చాక, నక్షత్రం పక్కన కత్తిరించి పడేసిన గోరు ముక్కలా ఒక వంపు కనబడింది. నక్షత్రం జిగేలే అద్దంలో తిరిగి పడి ఉంటుందనుకున్నాను. అలా అయితే నక్షత్రాన్ని ఫోటోలో ఇంకో మూలకి జరిపినప్పుడు నక్షత్రం పక్కన ఆ మరక చోటూ మారాలి. జరిపి తీయించాను. అది నక్షత్రం పక్కన తన చోటు వదల్లేదు.

ఇంకో నూట నలభై తీశాను. మొత్తం రెండు వందల పది. ముప్పై అయిదు గంటలు. వంపుకు రెండో కొస కూడా బయటపడింది, దాదాపు చుట్టంతా. ఆకుపచ్చకీ నీలానికీ మధ్య రంగు. ఎప్పుడో చచ్చిపోయిన నక్షత్రం వదిలేసిన ఊపిరి అది. నాకంటే ముందు దాన్ని చూసిన మనిషి ఉన్నట్టు ఎక్కడా రాసి లేదు.

ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం ఉంది. మొదటి ఏడాది నేను తయారుచేసిన ఆకాశం బొమ్మ ఒకటి బావ చూసి, ముచ్చటపడి, కౌంటర్ దగ్గర నిలబడ్డ నలుగురికీ చూపించాడు. “మా మరదలు కంప్యూటర్‌లో గీసింది. బొమ్మలు కూడా వేస్తుంది, నాకే తెలీదు!” గీయలేదని చెప్దామని నోరు తెరిచేలోపు వాళ్ళు పాస్‌పోర్టు ఫోటోల సంగతికి వెళ్ళిపోయారు. పైగా స్టూడియో కంప్యూటర్‌లో సొంత పనులు పెట్టకూడదని బావ నియమం. నల్ల ఫోటోలు ఒక్కొక్కటీ పెళ్ళి ఫోటోకంటే బరువు. అందుకని వాటిని దాచే చోటు ఆలోచించి ఆలోచించి, నాకు నేనే చాలా తెలివిగలదాన్ననుకుని, ఒక ఫోల్డర్ చేసి, దానికి ‘పాడైనవి’ అని పేరు పెట్టాను. ఆ పేరున్నదాని జోలికి ఇంట్లో నేను తప్ప ఎవరూ వెళ్ళరు. పేర్చి తయారుచేసిన చివరి బొమ్మను మాత్రం పెద్ద సైజులో ‘పూర్తయినవి’లో పెట్టాను.

కొత్తగా కనబడిన మేఘాల జాబితా ఒకటి ఉంది. మాలాంటివాళ్ళు, అంటే ఇది ఉద్యోగం కానివాళ్ళు, కనిపెట్టినవి అందులోకి ఎక్కుతాయి. వచ్చినవాటిని పరీక్షించేది వేరే దేశంలో ఉండే ఒక పెద్దావిడ. మేఘం పక్కన కనిపెట్టినవారి పేరు, మొదట తీసిన తేదీ రాస్తారు. నా బొమ్మ చిన్నది చేసి ఆవిడకు పంపాను. నా పేరు రాసే గడిలో నా పేరు రాయడానికి చాలాసేపు పట్టింది. మా స్టూడియోలోంచి బయటికెళ్ళే ప్రతి ఫోటో కిందా బావ ముద్ర ఉంటుంది. అది న్యాయమే, స్టూడియో ఆయనది. కానీ నా చేతిలోంచి వెళ్ళినదాని పక్కన నా పేరు రాయమని ఎవరూ అడగలేదు అప్పటిదాకా.

ఆవిడ రెండు లైన్లలో జవాబిచ్చింది. ‘ఆసక్తిగా ఉంది. మీరేం పని చేస్తారు?’

‘ఫోటోలు దిద్దుతాను’ అని నిజం రాశాను.

ఆ మర్నాడే నాకు కళ్ళకలక వచ్చింది.

కళ్ళు ఎర్రగా వాచిపోయి, పొద్దున లేస్తే రెప్పలు అంటుకుపోయేవి. అక్క నన్ను స్టూడియోలోకి రానివ్వలేదు. “కస్టమర్లకంటిస్తే కొంప మునుగుతుంది. పైనే పడుకో. ఫోన్ ఇలా ఇవ్వు.” ఫోన్ తీసుకుని పోపుల డబ్బా వెనక పెట్టేసింది. బావ గుమ్మం బయట నిలబడి, లోపలికి చూడకుండా మాట్లాడేవాడు, చూస్తే అంటుకుంటుందని.

“ఏం మరదలా, కళ్ళు చెడగొట్టుకున్నావా? మందేసుకుని హాయిగా మూసుకో. కిందేముందో నేను చూసుకుంటా.”

“బావా, రేపు ఇవ్వాల్సిన ఆల్బమ్...”

“నేను చేస్తా అన్నానా లేదా? నీకంటే ముందు ఈ పని నేర్చుకున్నవాణ్ణి. నాలుగు రోజులు నువ్వు లేకపోతే స్టూడియో పడిపోదులే.”

నాలుగు రోజులు కాదు, ఆరు రోజులు పట్టింది. ఏడో రోజు ఫోన్ చేతికొచ్చింది. పెద్దావిడ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి అయిదు రోజులయింది. ఈసారి కొంచెం పెద్దది. అదే వంపును ఇంకొకాయన కూడా పంపాడట. పళ్ళ డాక్టరు, సొంత టెలిస్కోప్ ఉందట. నా తేదీ ఆయనకంటే పంతొమ్మిది రోజులు ముందు. అయితే దిద్దిన బొమ్మ సరిపోదు, టెలిస్కోప్ ఇచ్చిన ముడి ఫోటోలు మొత్తం కావాలి. పది రోజుల్లో పంపండి, పరీక్షించి మీ పేరు మీద ఎక్కిస్తాను అని రాసింది.

మెట్లు రెండేసి చొప్పున దిగాను. అక్క “ఏమే, కళ్ళు తగ్గీ తగ్గకుండానే...” అంటూనే ఉంది. కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ‘పూర్తయినవి’ ఉంది. ‘కొత్తవి’ ఉంది. మధ్యలో ఉండాల్సింది లేదు.

వేరే డిస్కులో చూశాను. చెత్తబుట్టలో చూశాను. అక్కడా ఖాళీ.

“బావా, పాడైనవి ఏమయ్యాయి?”

బావ ఎవరో పాపకు లైటు సరిచేస్తున్నాడు. “తీసేశానుగా. ఆల్బమ్ ఇచ్చేశాం కదా.”

“ఆల్బమ్‌వి కాదు. విడిగా ఉంది, నల్లవి...”

“ఓ, అవా!” బావకు నవ్వొచ్చింది. “అవేంటి మరదలా! ఆల్బమ్ తాలూకువి అనుకుని తెరిచా. నల్లగా ఉంది. రెండోది తెరిచా, అదీ నల్లగానే ఉంది. ఊరికే తీసెయ్యకూడదని ఒక ఇరవై దాకా చూశా తెలుసా? అన్నీ నలుపే. ఎవడో కెమెరా మూత తియ్యకుండా రోజంతా తీసినట్టున్నాడు అనుకుని నవ్వుకున్నా కూడా. ఇన్నాళ్ళూ డిస్కు ఎందుకు నిండిపోతోందా అనుకునేవాణ్ణి.”

నేను చెత్తబుట్ట మళ్ళీ తెరిచాను.

“నీకు పని తగ్గిద్దామని మొత్తం శుభ్రం చేశా. మూడు రోజుల పెళ్ళి వీడియో వచ్చింది, ఆ ఖాళీ అయిన చోటే వేశా, చక్కగా సరిపోయింది.”

పోయినవాటిని వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది. రోజున్నర నడిపాను. వాటి చోట వీడియో కూర్చుంది. తిరిగొచ్చినవి ఏడు ముక్కలు, ఒక్కటీ తెరుచుకోలేదు. టెలిస్కోప్ వాళ్ళ దగ్గర చూశాను. వాళ్ళు రెండు నెలలకు మించి దాచరు. ఆ రెండు నెలల్లో కొండ మీద మబ్బులు. నాకు దొరికిన ఆకాశమంతా కలిపితే పదకొండు ఫోటోలు. మళ్ళీ తీయిద్దామంటే ఆ చోటు సూర్యుడి వైపు వెళ్ళిపోయింది. ఇంకో అయిదు నెలలకు గానీ బయటికి రాదు.

రెండో రోజు సాయంత్రం నేను కంప్యూటర్ ముందు నుంచి లేవకపోతే అక్క వచ్చి పక్కన కూర్చుంది. అప్పుడు చెప్పాను. ఆరేళ్ళలో నేను అంతసేపు మాట్లాడటం అదే మొదలు. గుమ్మం దగ్గర బావ నిలబడి విన్నాడు.

“ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేదే?” అంది అక్క.

“చెప్తే తీసెయ్యమనేవారు.”

“అనేవాణ్ణి కాదు” అన్నాడు బావ. గుమ్మం చెక్క గోకుతూ, “ఏమో, అనేవాణ్ణేమో” అన్నాడు. ఆ తరువాత గొంతు పెంచాడు. “నువ్వే పాడైనవి అని రాసి పెట్టుకుంటే నేనేమనుకోవాలి? మంచివి అని రాసి ఉంటే ముట్టుకునేవాణ్ణా? ఇరవై చూశానే! ఇరవై!”

“మీ తప్పని నేనన్లేదు బావా.”

“అనలేదు! ఏదీ అనవు నువ్వు! అదే కదా అసలు...” అని బయటికెళ్ళిపోయాడు.

పదకొండు ఫోటోలూ పంపాను. జరిగింది కూడా రాశాను, ఆ ఫోల్డర్‌కి పేరు పెట్టింది నేనేనన్న సంగతితో సహా. పెద్దావిడ మర్యాదగానే జవాబిచ్చింది. ‘మిమ్మల్ని అనుమానించడం లేదు. కానీ పదకొండింటిలో వంపు ఉందో లేదో తేల్చలేను. అవి తీసేస్తే, ఫోటోలు దిద్దే మనిషి దిద్దిన బొమ్మ ఒక్కటే నా దగ్గర మిగులుతుంది.’

పళ్ళ డాక్టరు ముడి ఫోటోలు మొత్తం ఇచ్చాడు. నావాటికంటే గరుకుగా ఉన్నాయి గానీ ఉన్నాయి. నెల తరువాత జాబితాలో మేఘం ఎక్కింది. కనిపెట్టినవారి గడిలో ఆయన పేరు, తేదీ గడిలో ఆయన తేదీ. కింద చిన్న అక్షరాల్లో, ‘ఆయన ఫోటోలకు మరికొన్ని కలిపి చూశాక వంపు ఇంకా స్పష్టపడింది. కలిపినవి: పదకొండు.’ ఎవరివో రాయలేదు. రాసే గడి కూడా లేదు దానికి.

బావ తన పద్ధతిలో బాధపడ్డాడు. రెండు వారాలు నన్ను మూగనోము అనలేదు. ఒకరోజు నేను కిందికొచ్చేసరికి స్టూడియో గోడ మీద నా చివరి బొమ్మ ఉంది, నిలువెత్తు ప్రింటు, నల్లటి ఫ్రేములో. ‘పూర్తయినవి’లోంచి తీసి వేయించాడట. లైటు కూడా పెట్టించాడు. “ఎలా ఉంది మరదలా? నీ కష్టం ఊరికే పోకూడదు” అన్నాడు. కింద కుడి మూల అలవాటు ప్రకారం స్టూడియో ముద్ర పడి ఉంది. నేను దాన్ని చూడటం చూసి, “అది ప్రింటర్లో దానంతటదే వచ్చేస్తుంది కదా” అన్నాడు మెల్లగా.

“బాగుంది బావా” అన్నాను.

వచ్చినవాళ్ళందరూ దాని ముందు ఆగేవారు. అలా ఆగిన ఒక జంట, కొత్తగా పెళ్ళయినవాళ్ళు, ఆల్బమ్ అట్టకు అదే వెనక పెట్టమన్నారు. నక్షత్రాల మధ్యలో వాళ్ళిద్దరూ నిలబడ్డట్టు. బావ నావైపు చూశాడు. నేను తలూపాను. పని పనే కదా. వాళ్ళను కత్తిరించి ఆకాశంలో పెట్టాను, అమ్మాయి జుట్టు పోగు పోగునా. ఎక్కడా అతుకు తెలియలేదు.

సాయంత్రం ఇద్దరూ చూసుకోవడానికి వచ్చారు. అమ్మాయి నా కుర్చీ వెనక నిలబడి తెర మీదికి వంగింది.

“అబ్బ, భలే వచ్చింది! ఇదిగో, ఇక్కడ నా తల పక్కన ఆ పచ్చ మరకేంటి? పొగలాగా?”

బావ దగ్గాడు. “అది... ఆకాశం కదమ్మా, అలాగే ఉంటుంది.”

“తల మీంచి ఆవిరి వస్తున్నట్టుంది” అన్నాడు అబ్బాయి. “నీ కోపానికి సరిపోయిందిలే.”

“నోరుమూసుకో.” అమ్మాయి అతని భుజం మీద కొట్టింది. “తీసేయొచ్చా అక్కా?”

“అది మరక కాదండీ” అన్నాను.

గదిలో అందరూ నావైపు చూశారు. కౌంటర్‌లోంచి అక్క కూడా.

“మరేంటి?”

చెప్పాను. ఒక నక్షత్రం చచ్చిపోతూ వదిలిన మేఘమని, నిజంగా అక్కడ ఉన్నదని, దాన్ని చూడటానికి ముప్పై అయిదు గంటలు పట్టిందని. అమ్మాయి బుద్ధిగా విన్నది, మధ్యలో ఒకసారి తలూపింది కూడా.

“చచ్చిపోయిందా?” అంది చివరికి. “అయ్యో, పెళ్ళి ఆల్బమ్ కదా అక్కా. ఏదైనా సరే, అక్కడొద్దు.”

బావ లైట్ల దగ్గరికి వెళ్ళి, సరిగ్గానే ఉన్న లైటును సరిచేస్తూ నిలబడ్డాడు.

మొటిమలు తీసే బ్రష్ తీసుకున్నాను. పక్కనున్న నలుపును పట్టుకుని, దాని మీద పరుచుకుంటూ వెళ్ళాను, ఒక కొస నుంచి రెండో కొస దాకా. నక్షత్రాన్ని ముట్టుకోలేదు. నిమిషం కూడా పట్టలేదు.

“ఇప్పుడు బాగుంది” అంది అమ్మాయి. తరువాత ఇంకా దగ్గరికి వంగి, “అయ్యో, ఈయన కళ్ళు చూడండి, సగం మూసుకునే ఉన్నాడు” అంది.

“సరిచేస్తానండి” అని, ఆ కళ్ళ కోసం పాడైనవాటిలోకి వెళ్ళాను.